అద్దె కట్టాలిగా!

పోయిన సెప్టెంబరులో, గురుపూజోత్సవం నాడు, గుడివాడలో మా మేనత్తకి పాత విద్యార్థులు సన్మానం చేశారు. కల్యాణమండపం పైన హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, గంటన్నర ఆలస్యం, అంతా మామూలే. మాట్లాడిన ఆరుగురిలో ఐదుగురు ఒకే మాట అన్నారు: "పెళ్లి కూడా చేసుకోకుండా, స్వార్థమన్నది ఎరక్కుండా, జీవితమంతా మా కోసం త్యాగం చేసిన మహాతల్లి." ఐదోసారి ఆ మాట వచ్చినప్పుడు నేను వెనక నిలబడి అత్తయ్య శాలువా సర్దుతున్నాను. ఆవిడ తల తిప్పకుండా, మైకుకి వినపడకుండా అంది: "త్యాగమేంటే, నా మొహం! అద్దె కట్టాలిగా."

అప్పుడు నవ్వొచ్చింది గానీ, ఆ మాట తర్వాత చాలా రోజులు నన్ను వదల్లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే నేను ఇంకో టీచరమ్మ గురించి చదువుతున్నాను. ఆవిడ పేరు ఫ్రాన్సిస్ మేరీ బస్. 1827లో పుట్టి 1894లో పోయింది. లండన్‌లో ఆడపిల్లల హైస్కూలు చదువు గురించి ఎవరు రాసినా మొదటి నాలుగు పేజీల్లోనే ఎదురయ్యే పేరు. (మొదటిసారి 'మిస్ బస్' అని చూసి ఎవరిదో బస్సు తప్పిపోయిందనుకున్నాను. క్షమించాలి.) ఆవిణ్ణి పొగిడేవాళ్ల భాష కూడా అచ్చం గుడివాడ స్టేజీ భాషే. పెళ్లి లేదు, స్వార్థం లేదు, అంకితం. కానీ ఆవిడ బతుకులో వివరాలు ఒక్కొక్కటే చదువుతూ పోతుంటే నాకు వినిపించింది మాత్రం అత్తయ్య గొంతే.

తండ్రి బొమ్మ

నిజానికి నేను వెతుక్కుంటూ వెళ్లింది ఈవిడ కోసం కాదు, ఒక బొమ్మ కోసం. లండన్ డౌటీ స్ట్రీట్‌లో ఉన్న, నవలాకారుడు చార్లెస్ డికెన్స్ మ్యూజియంలో 'డికెన్స్ కల' అని ఒక చిత్రం ఉంది. కుర్చీలో కునుకు తీస్తున్న డికెన్స్, చుట్టూ పొగలా తేలుతున్న ఆయన పాత్రలు. ఫోన్లో వేళ్లతో సాగదీసి చూడండి, కొంత భాగానికే రంగులున్నాయి. మిగతాదంతా ఉత్త గీతలు. అది పూర్తి కాకుండానే వేసినాయన 1875లో పోయాడు. ఆయన పేరు రాబర్ట్ విలియం బస్. ఫ్రాన్సిస్ తండ్రి.

ఈయన కథ ఒకటి చెప్పాలి, లేకపోతే కూతురి కథ అర్థం కాదు. 1836 ఏప్రిల్‌లో డికెన్స్ నవల 'పిక్విక్ పేపర్స్'కి బొమ్మలేస్తున్న రాబర్ట్ సీమోర్ ఆత్మహత్య చేసుకున్నాడు. పుస్తకం నెలనెలా భాగాలుగా వస్తోంది, ఆగడానికి వీల్లేదు. పబ్లిషర్లు హడావిడిగా బస్‌ని పిలిచారు. ఆయన రంగుల చిత్రకారుడు, లోహపు రేకు మీద ఎచింగ్ చెయ్యడం ఆయన విద్య కాదు. చేతిలో ఉన్న పని పక్కన పడేసి మూడు వారాలు ఆ పని నేర్చుకున్నాడు. రెండంటే రెండు బొమ్మలు అచ్చయ్యాయి. నచ్చలేదని ఆయన్ని పక్కన పెట్టి, కొత్త కుర్రాడు హాబ్లో బ్రౌన్‌కి పని ఇచ్చారు. ఆ కుర్రాడే 'ఫిజ్' పేరుతో డికెన్స్‌తో పాటు నిలిచిపోయాడు. బస్ పేరు ఫుట్‌నోట్లోకి పోయింది. అలా పోయినవాడు, డికెన్స్ చనిపోయాక, ముసలితనంలో మళ్లీ డికెన్స్ బొమ్మే వెయ్యడానికి కూర్చోవడం ఏమిటో నాకు ఇప్పటికీ అంతు చిక్కదు. కోపం పోయిందా, లేక ఆ రెండు బొమ్మల లెక్క తేల్చుకోవాలనుకున్నాడా?

మనకి కావలసిన విషయం మాత్రం చిన్నది. ఆ పబ్లిషర్లు తండ్రిని పొమ్మన్ననాటికి ఇంట్లో పెద్దకూతురికి ఎనిమిదేళ్లు. ఆవిడ తర్వాత పిల్లలు పుడుతూనే ఉన్నారు, మొత్తం పదిమంది. కొందరు పసితనంలోనే పోయారు. చిత్రకారుడి సంపాదన సంగతి చెప్పక్కర్లేదు, ఒక నెల ఉంటుంది, రెండు నెలలు ఉండదు.

అందుకని తల్లి బడి పెట్టింది. ఆవిడ పేరు కూడా ఫ్రాన్సిసే. అంతమంది పిల్లల తల్లి, ఆ వయసులో ట్రైనింగుకి వెళ్లి, పిల్లలకి వస్తువు చూపించి వాళ్లచేతే చెప్పించే పెస్టలోజీ పద్ధతి నేర్చుకుని, 1845లో కెంటిష్ టౌన్‌లో చిన్నపిల్లల బడి తెరిచింది. పద్దెనిమిదేళ్ల కూతురు అందులో చేరింది. చేరేనాటికే కూతురు సీనియర్ టీచరు. తను చదివిన బళ్లోనే పద్నాలుగేళ్లకి పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది మరి.

1850 ఏప్రిల్ 4న ఇదే కుటుంబం క్యామ్డెన్ స్ట్రీట్ 46వ నంబరు ఇంట్లో పెద్దపిల్లల కోసం నార్త్ లండన్ కొలీజియట్ స్కూలు తెరిచింది. 35 మందితో మొదలై సంవత్సరం తిరిగేసరికి 115 మంది అయ్యారు. టీచర్లెవరు? ఇంటివాళ్లే. చిన్నపిల్లల్ని తల్లి చూసుకుంటుంది. తమ్ముళ్లు ఆల్ఫ్రెడ్, సెప్టిమస్ పాఠాలు చెబుతారు. తండ్రి డ్రాయింగుతో పాటు సైన్సు కూడా చెబుతాడు. ఆయన కెమిస్ట్రీ పాఠమంటే వాసనలూ పేలుళ్లూ అని ఒక పాత విద్యార్థిని ముసలితనంలో తలుచుకుంది. పిక్విక్‌కి పనికిరాని మనిషి, పన్నెండేళ్ల పిల్లల ముందు ఏదో గాజుగొట్టంలో ఢామ్మనిపించి నవ్విస్తున్నాడు. ఆయన జీవితంలో ఇంతకంటే మంచి దృశ్యం నాకు దొరకలేదు.

ఇది చదువుతుంటే నాకు మా ఇల్లు కనిపించింది. 1979లో తాతయ్య గుమాస్తాగా చేసే మిల్లు మూతపడింది. ఆ జూన్‌లో అత్తయ్య వరండాలో బడి పెట్టింది. నెలకి ఎనిమిది రూపాయలు ఫీజు. ఎక్కాలు, లెక్కలు బాబాయి చెప్పేవాడు, బ్యాంకు ఉద్యోగం వచ్చేదాకా. ప్రోగ్రెస్ కార్డులు తాతయ్య రాసేవాడు, ముత్యాల్లాంటి దస్తూరీ. నానమ్మ మంచినీళ్ల కుండ దగ్గర కూర్చుని గ్లాసు కిందపెట్టిన వాళ్లని తిట్టేది. ఐదో తేదీకి ఫీజులు రావాలి, ఎందుకంటే ఏడో తేదీకి ఇంటివాళ్లు అద్దెకొస్తారు. ఇందులో స్టేజీ మీద చెప్పుకోకూడనిది ఏముంది?

డబ్బు తీసేస్తే ఏం మిగుల్తుంది

నా అభిప్రాయం చెబుతాను. ఆడవాళ్లని పొగడాలంటే ముందు వాళ్ల కథలోంచి డబ్బు తీసేస్తాం. డాక్టరు ఫీజు తీసుకుని కూడా గొప్ప డాక్టరు కావచ్చు. లాయరు సంపాదించి కూడా పెద్దమనిషి కావచ్చు. ఆడ టీచరు మాత్రం ఉచితంగా, ఒంటరిగా, తెల్లచీరలో ఉండాలి. డబ్బుతో పాటు ఇల్లు కూడా ఎగిరిపోతుంది. తల్లి ట్రైనింగు, తండ్రి పేలుళ్లు, తమ్ముళ్ల పాఠాలు అన్నీ పోయి, నల్లగౌనులో ఒక విగ్రహం మిగుల్తుంది.

మిస్ బస్ కాలంలోనే దీనికి ఒక పాట కూడా కట్టారు. ఆవిడ మీదా, చెల్ట్నమ్ లేడీస్ కాలేజీ ప్రిన్సిపాల్ డొరోథియా బీల్ మీదా. మిస్ బస్‌కీ మిస్ బీల్‌కీ మన్మథుడి బాణాలు తగలవట, వాళ్లెక్కడ మనమెక్కడ అని వెటకారం. నాలుగు పొట్టి లైన్లు, ఇంగ్లండులో నేటికీ ఎవరో ఒకరు గుర్తు చేసుకుంటారు. ఎగతాళి చేసినవాడూ, పూలదండ వేసినవాడూ చూసింది ఒకే ఒక్క విషయం: పెళ్లి కాలేదని. తల్లి, తండ్రి, తమ్ముళ్ల మధ్య, ఇంటినిండా జనంతో బతికిన మనిషిని పట్టుకుని ఒంటరి అన్నారు.

పెళ్లి ప్రస్తావన ఆవిడే ఒకచోట తెచ్చింది, ఒక ఉత్తరంలో. 'పెళ్లవుతుంది, ఎవరో చూసుకుంటారు' అని పెంచిన ఆడపిల్లలు చివరికి దిక్కులేకుండా, చేతిలో పైసా లేకుండా మిగిలిపోవడం తన వర్గంలోనే చాలా చూశాననీ, ఆ బాధ కొంచెమైనా తగ్గించాలన్నదే తన పట్టుదల అనీ రాసింది. ఇది పైనుంచి దిగివచ్చిన దయ కాదు. మధ్యతరగతి ఇంట్లో తండ్రి బొమ్మలు అమ్ముడుపోని నెల ఎలా ఉంటుందో తెలిసిన పెద్దకూతురి భయం. ఆ రోజుల్లో అలాంటి ఆడపిల్లకి గౌరవంగా దొరికే పని దాదాపు ఒకటే, ఇంకొకరింట్లో ఉండి వాళ్ల పిల్లలకి పాఠాలు చెప్పే గవర్నెస్. ఆ గవర్నెస్‌కేమో సరైన చదువు ఉండదు, ముసలితనానికి ఆధారమూ ఉండదు. వాళ్ల కోసం పెట్టిన సహాయ సంఘంలోంచే 1848లో హార్లీ స్ట్రీట్‌లో క్వీన్స్ కాలేజీ పుట్టింది. పగలంతా బడి నడిపి, సాయంత్రం క్యామ్డెన్ నుంచి నడిచి వెళ్లి, క్లాసులు విని, మళ్లీ నడిచి వచ్చేది ఫ్రాన్సిస్. ఇరవై ఒకటో ఇరవై రెండో వయసు. సర్టిఫికెట్ ఉంటే బడికి పిల్లలొస్తారు. నేర్చుకోవాలన్న దాహమూ ఉంది. ఈ రెండిట్లో ఏది అసలుది అని అడిగితే నాకు ఆ ప్రశ్నే అర్థం కాదు.

అందరూ చూసిన కన్నీళ్లు

1865 నవంబరు 30న ఆవిడ, ఆడవాళ్ల చదువు కోసం పోరాడుతున్న ఎమిలీ డేవిస్‌తో కలిసి, ప్రభుత్వం వేసిన స్కూళ్ల విచారణ కమిషన్ ముందుకి వెళ్లింది. ఆడవాళ్లు నిపుణులుగా ఒక రాయల్ కమిషన్‌కి సాక్ష్యం చెప్పడం అదే మొదలు. మిస్ బస్‌కి ఎంత టెన్షన్ అంటే గొంతు సరిగ్గా పెగల్లేదు. చెప్పాల్సింది మాత్రం చెప్పింది. తన బడికి వచ్చే పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకి మామూలు లెక్కలు కూడా రావనీ, పునాదే లేదనీ.

ఆ లెక్కల సంగతి ఆవిడకి ఊరికే తెలియలేదు. 1863 డిసెంబరులో కేంబ్రిడ్జి యూనివర్సిటీ వాళ్లు బడిపిల్లలకి పెట్టే తమ లోకల్ పరీక్షలు ఆడపిల్లలచేత ప్రయోగంగా ఒక్కసారి రాయించడానికి ఒప్పుకున్నారు. కొన్ని వారాల వ్యవధే ఇచ్చారు. 83 మంది పిల్లలు రాశారు, వాళ్లలో 25 మంది ఈవిడ బడివాళ్లే. మిగతావి ఫరవాలేదు గానీ, పెద్దపిల్లల్లో చాలామంది లెక్కల్లో చతికిలబడ్డారు. ఇంకొకరైతే 'ప్రయోగమేగా' అని ఊరుకునేవాళ్లు. ఈవిడ తిరిగొచ్చి లెక్కలు చెప్పే పద్ధతే మార్చేసింది. ఫెయిలైన మార్కుల జాబితా చూసి పనిలో దిగడం నాకు ఆవిడలో అన్నిటికంటే ఇష్టమైన గుణం. విగ్రహాలకి ఈ పని చేతకాదు.

మరి కమిషన్ పెద్దమనుషులకి ఏం గుర్తుంది? వాళ్లలో ఒకాయన, ఇద్దరిలోనూ ఉన్న అచ్చమైన ఆడతనం తమని కదిలించిందనీ, మిస్ బస్ కళ్లలో నీళ్లు కూడా చూశామనీ చెప్పుకున్నాడట. లెక్కలు రావడం లేదని చెప్పడానికి వెళ్లిన మనిషి కంటితడి మెచ్చుకున్నారు. సన్మానసభ అక్కడే మొదలైందనుకుంటాను.

మరి ఫీజుల దోపిడీ సంగతేంటి

ఇక్కడిదాకా చదివినవాళ్లు నన్ను నిలదీస్తారని తెలుసు. "బడి కుటుంబ వ్యాపారమైతే తప్పేంటి అంటున్నావు. మరి మా పిల్లల స్కూలూ అంతేగా? తండ్రి చైర్మన్, కొడుకు డైరెక్టర్, కోడలు ప్రిన్సిపాల్. టై, బెల్టు, సాక్సు, నోటు పుస్తకాలు అన్నీ వాళ్ల కౌంటర్లోనే కొనాలి." నిజమే. నేను కూడా ఆ కౌంటర్ ముందు నిలబడ్డదాన్నే. రెండు జతల సాక్సుకి ఇచ్చిన రసీదు చూసి మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఈ అనుమానానికి నా దగ్గర సూటి జవాబు లేదు. మిస్ బస్ చేసిన పని ఒకటి ఉంది, అది చెప్పగలను.

1870 నాటికి ఆ బడి బాగా నడుస్తోంది. పేరుంది, ఆదాయముంది. అది పూర్తిగా ఆవిడ సొంతం. తల్లి అంతకు తొమ్మిదేళ్ల ముందే పోయింది. తమ్ముళ్లిద్దరూ చర్చి ఉద్యోగాల్లోకి, పాదరీలుగా వెళ్లిపోయారు. ఆ సమయంలో ఆవిడ బడిని తన పేరు మీంచి తీసి ట్రస్టుకి అప్పగించింది. యజమానురాలు కాస్తా జీతానికి పనిచేసే హెడ్‌మిస్ట్రెస్ అయింది. ఆదాయం తగ్గుతుందని తెలిసే చేసింది. 1871లో పెద్ద బడి క్యామ్డెన్ రోడ్డుకి మారితే, పాత ఇంట్లో తక్కువ ఫీజుతో ఇంకో బడి తెరిచింది, క్యామ్డెన్ స్కూల్ ఫర్ గర్ల్స్. చందాల కోసం ఏళ్ల తరబడి తిరిగింది. అబ్బాయిల బడికైతే చెక్కు రాసేవాళ్లు అమ్మాయిల బడి అనగానే ఆలోచించి చెబుతామనేవారు. చివరికి లండన్‌లోని పాత వర్తక సంఘాలు రెండు, బీరు కాచేవాళ్లదీ బట్టల పనివాళ్లదీ, డబ్బు పెట్టాక గానీ ఊపిరి ఆడలేదు. బీరు డబ్బుతో ఆడపిల్లల చదువు! మనకి అర్థం కాని విషయమేమీ కాదులెండి.

దీన్ని కూడా త్యాగం అనొచ్చు, చాలామంది అంటారు కూడా. నాకు మాత్రం ఇది ముప్పై ఏళ్ల అనుభవం చెప్పిన లెక్కలా కనిపిస్తుంది. సొంత బళ్లు ఎలా పోతాయో ఆవిడ చూసింది. టీచరమ్మ మంచాన పడితే బడి మూత. పెళ్లయితే మూత. చనిపోతే బెంచీలు వేలం. మా అత్తయ్య బడి 2004లో అలాగే పోయింది. మోకాళ్లు పనిచెయ్యలేదు, బాబాయి అప్పటికి మేనేజరై వేరే ఊళ్లో ఉన్నాడు, మాలో ఎవరికీ తీసుకోవాలనిపించలేదు. పాతికేళ్లు నడిచిన బడి ఒక ఏప్రిల్ నెలలో అయిపోయింది. బల్లలు టెంటుహౌసువాళ్లు పట్టుకెళ్లారు.

మిస్ బస్ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది రక్తసంబంధం ఉన్న మనిషి కాదు. సోఫీ బ్రయంట్ అనే ఐరిష్ ఆవిడ. ఇరవై ఏళ్లకే భర్త పోయాడు, 1875లో లెక్కల టీచరుగా చేరింది, 1884లో డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా తెచ్చుకుంది. ఇంగ్లండులో ఆ పట్టా అందుకున్న మొదటి మహిళ. కుటుంబం చేతిలోనే ఉంటే ఆ కుర్చీ ఈవిడదాకా వచ్చేదా? ఏ మేనల్లుడి భార్యో కూర్చునేది. సాక్సు కౌంటర్‌కీ దీనికీ తేడా నాకు ఇక్కడ కనిపిస్తుంది. తేడా ఫీజులో లేదు, ఫీజు ఇద్దరూ తీసుకున్నారు.

పోయిందేమిటో కూడా చెప్పాలి

ఇంత చెప్పాక ఒక పీకులాట మిగిలింది. మొదటి రోజుల పిల్లలు తండ్రిగారి పేలుళ్లు తలుచుకున్నారు. 1880ల్లో చదివిన మోలీ హ్యూస్ తలుచుకున్నది రూల్సు. మెట్ల మీద పరుగెత్తకూడదు, తడిసి రాకూడదు, పెన్సిల్ డబ్బా కింద పడకూడదు, దారిలో ముగ్గురికి మించి ఒక వరసలో నడవకూడదు. ఎవరైనా కొత్త తప్పు చేస్తే మర్నాటికి దానికో కొత్త రూలు. చదువుతుంటే నవ్వొస్తుంది, కొంచెం ఊపిరాడనట్టూ ఉంటుంది. ఇంట్లో నడిచే బడికి ఇన్ని రూల్సు అక్కర్లేదు, మా నానమ్మ కుండ దగ్గర కూర్చుంటే చాలు. వందలమంది పిల్లలున్న ట్రస్టు బడికి నానమ్మ ఎక్కడ దొరుకుతుంది? పైగా ఒక్క పిల్ల వర్షంలో తడిసి జ్వరం తెచ్చుకున్నా, 'ఆడపిల్లలకి చదువెందుకో చూశారా' అనడానికి ఊరంతా కాచుకుని ఉంది. రూల్సు వెనక ఆ భయం ఉందనుకుంటాను. అలాగని ఆ పిల్లలకి విసుగు రాలేదని చెప్పలేం.

ఇంకో మాట కూడా ఆ బడి గురించే ఉంది, అదీ పాత విద్యార్థినిదే. అక్కడ మీ ఇల్లెక్కడ, మీ నాన్న ఏం చేస్తాడు అని ఎవరూ అడగరట. బిషప్ కావచ్చు, ఎలుకలు పట్టేవాడు కావచ్చు. 19వ శతాబ్దపు ఇంగ్లండులో ఇది చిన్న విషయం కాదు. దుకాణదారు కూతురి పక్కన తమ పిల్లని కూర్చోబెట్టడం ఇష్టంలేని ఇళ్లు బోలెడు. అయితే ఫీజు కట్టగలిగిన ఎలుకలవాడి కూతురికే ఆ బెంచీ మీద చోటు అని కూడా గుర్తుంచుకోవాలి. ఆ పిల్లల ఇళ్లలో అంట్లు తోమే పిల్లలు ఈ కథలో ఎక్కడా లేరు. మా వరండా బళ్లో కూడా లేరు. ఎనిమిది రూపాయల ఫీజు అని నేను పైన తేలిగ్గా రాశాను గానీ, మా వీధి చివర గుడిసెలవాళ్లకి అవి ఎనిమిది రూపాయలు.

మొన్న దసరాకి వెళ్లినప్పుడు ఇదంతా అత్తయ్యకి చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ వింది. తండ్రి బొమ్మల దగ్గర "పాపం" అంది. కళ్లనీళ్ల దగ్గర ఏమీ అనలేదు. ట్రస్టుకి ఇచ్చేసిందన్న చోట మాత్రం చెయ్యి ఆపి, "ఆ బడి ఇంకా ఉందా?" అని అడిగింది.

"ఉంది అత్తా. రెండూ ఉన్నాయి. పెద్దది ఊరి చివర ఎడ్జ్‌వేర్‌కి వెళ్లిపోయింది, రెండోది క్యామ్డెన్‌లోనే ఉంది."

"సొంత బిల్డింగేనా, అద్దెదా?"

"సొంతవే."

"ఊఁ," అని మళ్లీ చిక్కుడుకాయల మీద పడింది.